రైలా? కారా? – ప్రయాణమున సుఖమును, క్షేమమును

పండుగ దగ్గఱపడినదనగానే మన యిండ్లలో మొదట బయలుదేఱు ప్రశ్న పిండివంటలను గూర్చినది కాదు, ప్రయాణమును గూర్చినది. రైలులో పోవుదమా, కారులో పోవుదమా యని యింటిలోని మగవారు పది దినములు ముందునుండియే తర్జనభర్జనలు సాగింతురు. రైలు టిక్కెట్లు దొరకుట లేదని యొకరు, ఇంట కారుండగా రైలేల యని మఱొకరు, గట్టిగా తోలినచో ఆఱేడు గంటల పనియే కదా యని వేఱొకరు పలుకుదురు. తుదకు నిర్ణయమైన పిమ్మట గృహిణికి తెలియజేయుదురు. పెట్టెలు సర్దుట, పసిపాపకు పాలు సిద్ధపఱచుకొనుట, అత్తగారి మందులు మఱవకుండుట, దారిలో తినుటకు పులిహోరయు పెరుగన్నమును కట్టుకొనుట, ఇవి యామె వంతు. ఏ బండిలో పోవలెనో, ఏ వేళకు బయలుదేఱవలెనో, ఎంత వేగమున పోవలెనో చెప్పు నధికారము మాత్రము పెక్కిండ్లలో ఆమెకు లేదు. ప్రయాణమున కష్టము కలిగినచో దానిని మొదట అనుభవించునది ఆమెయే. ప్రమాదము కలిగినచో పసిబిడ్డ యుండునదియు ఆమె యొడిలోనే.

అందుచేత ఈ విషయమును సోదరీమణులతో కొంచెము విపులముగ ముచ్చటింప దలచితిమి. రైలును పొగడుటగాని కారును తెగడుటగాని మా యుద్దేశము కాదు. ఏది యెందుకు సుఖమో, ఏది యెందుకు క్షేమమో తెలిసికొన్నచో నిర్ణయించునప్పుడు మన మాటకు బలము కలుగునని మాత్రమే మా తలంపు.

ముత్తవ్వల నాటి మాట

మన ముత్తవ్వల కాలమున పుట్టింటికి పోవుటయనగా ఎడ్లబండియో, పడవయో శరణ్యము. మన దేశమున మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిలు 16వ తేదీన బొంబాయి నుండి ఠాణాకు 21 మైళ్ళు నడచెను. దక్షిణదేశమున 1856లో మద్రాసు రాయపురము నుండి ఆర్కాటు వైపునకు రైలు వచ్చెను. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు దారి పడెను. 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై తొలి రైలువంతెన తెఱవబడెను. ఆ పాత వంతెన దాదాపు నూఱేండ్లు పనిచేసి 1997లో విశ్రాంతి గైకొన్నది. వంతెన రాకమునుపు గోదావరి దాటవలెనన్న పడవయే గతి. వరదకాలమున ఆ దాటుట యెంతటి సాహసమో యూహించుకొనవచ్చును.

రైళ్ళు వచ్చిన తొలిదినములలో స్త్రీలను ఎక్కించుటకు పెద్దలు సంకోచించిరి. పరపురుషుల నడుమ కూర్చుండుట యెట్లని వారి శంక. అందుచే 1890వ సంవత్సరపు రైల్వే చట్టమున ప్రయాణికుల బండి యొక్కొక్కదానిలోను అన్నిటికంటె తక్కువ తరగతియందు ఒక గదియైనను స్త్రీలకే ప్రత్యేకింపవలెననియు, ఆ బండి ఏబది మైళ్ళకు మించి పోవునదైనచో ఆ గదికి మరుగుదొడ్డి యుండవలెననియు విధించిరి. ఆ తరగతిలోని మగవారికి అప్పటికి ఆ సౌకర్యము లేదు. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అను వంగదేశీయుడు తాను బండి దిగి బహిర్భూమికి పోయిన లోపల రైలు కదలిపోయినదని మొఱపెట్టుకొనుచు అధికారులకు వ్రాసిన లేఖ రైల్వే చరిత్రలో ప్రసిద్ధమైనది. ప్రయాణసుఖమున నిది చిన్న విషయముగ తోచవచ్చును గాని స్త్రీలకు ఇంతకంటె పెద్ద విషయము లేదు. దీనిని గూర్చి ముందు మరల చెప్పుదుము.

ఇక కారు సంగతి. దీని చరిత్రలో మొదటి దూరప్రయాణము చేసినది ఒక స్త్రీయే యని మనలో ఎందఱికి తెలియును? 1888 ఆగస్టులో జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను నామె, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మోటారుబండిని ఆయనకు చెప్పకయే బయటికి తీసి, ఇద్దఱు కుమారులను వెంట నిడుకొని, మన్‌హైము పట్టణము నుండి ఫోర్జ్‌హైములోని తన పుట్టింటికి నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము పోయెను. దారిలో ఇంధనము చాలకపోగా ఒక మందుల దుకాణమున కొనెను. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా టోపీకి గ్రుచ్చు సూదితో శుభ్రపఱచెను. బ్రేకు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచే తోలు వేయించెను. లోకమున కారు చేసిన తొలి దూరప్రయాణము ఒక యాడుబిడ్డ పుట్టింటికి పోవుటయే యన్నమాట! కారు విషయమున ఆడువారి కేమి తెలియునని యెవరేని అన్నచో ఈ కథ చెప్పవచ్చును.

సుఖమును గూర్చి

కారునందలి మొదటి సుఖము గుమ్మము నుండి గుమ్మమునకు చేర్చుట. సామాను మోయు పని లేదు. బండి తప్పిపోవునను బెదురు లేదు. మనము అరగంట ఆలస్యము చేసినను అది వాకిట వేచియుండును. మోకాళ్ళ నొప్పులుగల పెద్దవారికి స్టేషను వంతెన మెట్లెక్కు బాధ తప్పును. తిరుగు ప్రయాణమున అమ్మ కట్టి యిచ్చిన ఆవకాయ జాడీ, బియ్యపు మూట, కొబ్బరికాయలు, అరటిగెల అన్నియు వెనుక అఱలో ఒదిగిపోవును. రైలుదారి లేని పల్లెకు పోవువారికి కారువంటి యుపకారి మఱొకటి లేదు.

అయితే ఈ సుఖము మొదటి రెండు గంటలది. మూడవ గంటకు పిల్లలు పేచీ మొదలుపెట్టుదురు. నాలుగవ గంటకు పెద్దవారి కాళ్ళు నీరుపట్టును. మలుపులలో కొందఱికి కడుపు త్రిప్పును. కూర్చున్నవారు కూర్చున్నట్లే యుండవలెను గాని లేచి నాలుగడుగులు వేయుటకు వీలులేదు. గర్భిణులకును, కాళ్ళ నరములు ఉబ్బియుండువారికిని ఇట్లు గంటల తరబడి కదలక కూర్చుండుట మంచిది కాదు. కాళ్ళలో రక్తము నిలిచి గడ్డకట్టు ప్రమాదము కలదు గనుక గంటకో, రెండు గంటలకో ఒకమాఱు దిగి నడువవలెనని వైద్యులు చెప్పుదురు.

మఱొక మాట కలదు. దీనిని వ్రాయుటకు సంకోచింపరాదు. కారు ప్రయాణమనగానే మన స్త్రీలు ముందునాటి సాయంకాలము నుండియే నీరు త్రాగుట తగ్గింతురు. దారిలో పరిశుభ్రమైన మరుగుదొడ్డి దొరకునో దొరకదోయను భయమే దీనికి కారణము. మగవారు ఎక్కడనైనను కారాపుకొందురు. మనకది సాధ్యము కాదు. ఎండలో ఎనిమిది గంటలు నీరు లేక, మూత్రము బిగబట్టుకొని కూర్చుండుటచే మూత్రకోశమునకు వ్యాధి కలుగును. ఊరికి చేఱిన మఱునాడు జ్వరము, మంట యని బాధపడినవారిని మేమెఱుగుదుము.

రైలునందు ఈ బాధ తక్కువ. దొడ్డి శుభ్రముగ లేకపోయినను, ఉన్నదను ధైర్యమైన నుండును. లేచి నడువవచ్చును, కాళ్ళు చాపి పడుకొనవచ్చును. పసిపాపకు పాలిచ్చి ప్రక్కన పండబెట్టుకొనవచ్చును. ఎదుటి బెర్తునందలి పెద్దామెతో మాటలు కలిసినచో దూరమే తెలియదు. దూరప్రయాణపు బండ్లలో స్లీపరు తరగతియందు స్త్రీలకు ప్రత్యేకముగ కొన్ని బెర్తులు కేటాయింపబడుచున్నవి. నలువదియైదేండ్లు నిండిన స్త్రీలకును, గర్భిణులకును, వయోవృద్ధులకును క్రింది బెర్తులు ఇచ్చెడి యేర్పాటును కలదు. టిక్కెట్టు కొనునప్పుడు వయస్సు సరిగా వ్రాయించుట మఱవరాదు.

కాని రైలుసుఖమంతయు టిక్కెట్టు దొరకినవారిదే. పండుగలలో రిజర్వేషను దొరకక జనరలు పెట్టెలో ఒంటికాలిపై నిలుచుండి పోవువారికి సుఖమను మాటయే నవ్వులాట. బండి ఆలస్యములు, స్టేషనులందలి మెట్లు, ఇరుకు తలుపులు, పైబెర్తు నిచ్చెన, ఇవన్నియు రైలు ఖాతాలోని కష్టములే.

మా యనుభవము

కొన్ని యేండ్ల క్రిందట మేము సంక్రాంతికి హైదరాబాదు నుండి రాజమహేంద్రవరము పోవలసివచ్చెను. రైలు టిక్కెట్లు దొరకనందున కారున పోవ నిశ్చయమైనది. మా మఱిది పగలంతయు ఉద్యోగము చేసికొని వచ్చి సాయంకాలము బండి యెక్కెను. అత్తగారు ముందు సీటున కూర్చుండిరి. ఎనిమిదేండ్ల పిల్లవాడును మేమును వెనుక. ఏడాది నిండని పాప మా యొడిలో. బెల్టులు ఎవరికిని లేవు. వెనుక కూర్చుండువారికి బెల్టెందుకనియే అప్పటి మా జ్ఞానము.

పంతంగి టోలుగేటువద్ద కార్లు బారులు తీఱియున్నవి. అది దాటునప్పటికే చాల ప్రొద్దుపోయినది. సూర్యాపేట సమీపించునప్పటికి అర్ధరాత్రి దాటెను. మా మఱిది ఆవులించుట అప్పటికొక గంట నుండియు గమనించుచునే యుంటిమి. కాని నోరు విప్పలేదు. "వెనుక కూర్చుని డ్రైవింగు నేర్పకు వదినా" యని వెనుకొకమాఱు అనియున్నాడు గనుక ఆ మాట మరల పడుట యెందుకని యూరకుంటిమి. ఇంతలో బండి చక్రములు తారు విడిచి ప్రక్కనున్న కంకరపైకి దిగినవి. దడదడయను చప్పుడుతో అతడు మేలుకొని చక్రము త్రిప్పెను. ఒక రాతిస్తంభము మా కిటికీకి మూరెడు దూరమున దాటిపోయెను.

అత్తగారు ఒక్క నిమిషము మాటాడలేదు. పిమ్మట మెల్లగా, "నాయనా, బండి ఆపు. తెల్లవారిన తరువాత పోదాము. భోగిమంట మనము లేకపోయినా మండుతుందిలే" యనిరి. దారిప్రక్క హోటలువద్ద కారు నిలిపి, తెల్లవారుదాక అందులోనే కునుకుతీసితిమి. ఆ యేడు భోగిమంట మేము చూడలేదు. కాని అత్తగారు ఆడిన ఆ మాట గంట ముందు మేమాడియుండవలసినదని నేటికిని మనస్సున ముల్లు గ్రుచ్చుకొనుచునే యున్నది. మొగమాటమున కెంత వెల చెల్లింపవలసివచ్చెడిదో!

తిరుగు ప్రయాణము రైలులో. అదియు పూలపాన్పు కాలేదు. ఒక స్టేషనులో బండి వచ్చు ప్లాట్‌ఫారము చివఱి నిమిషమున మార్చిరి. అత్తగారిని చేయిపట్టుకొని, పాపను చంక నెత్తుకొని మెట్లెక్కి దిగునప్పటికి ప్రాణములు తోకకు వచ్చినవి. బండి రెండు గంటలు ఆలస్యము. దొడ్డిలో నీరు లేదు. అయినను ఆ రాత్రి అత్తగారు క్రింది బెర్తున కాళ్ళు చాపుకొని నిద్రించిరి. పాప నిద్రించెను. మా మఱిదియు నిద్రించెను. అతడు నిద్రపోయినను మాకు భయము లేకుండుటయే ఆ ప్రయాణమునందలి పరమసుఖమని అప్పుడు తెలిసినది.

క్షేమమును గూర్చి

రైలు ప్రమాదము జరిగినప్పుడు దేశమంతయు ఉలికిపడును. 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండ సమీపమున వరదకు దారి కొట్టుకొనిపోయి డెల్టా ప్యాసింజరు పడిపోగా నూఱుమందికి పైగా మరణించిరి. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలేశ్వరము జిల్లాయందు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదమున 290 మందికి పైగా అసువులు బాసిరి. ఆ యేడే అక్టోబరులో విజయనగరము జిల్లా కంటకాపల్లివద్ద ఒక ప్యాసింజరును వెనుకనుండి మఱొక ప్యాసింజరు ఢీకొట్టెను. ఇట్టి వార్తలు చదివినపుడు రైలెక్కుటకే గుండె జంకును.

రోడ్డుపై జరుగునది ఇట్లు మొదటి పుటకెక్కదు. అది ఇక్కడ ఇద్దఱు, అక్కడ నలుగురుగ, ప్రతిదినము, ప్రతి జిల్లాలో జరుగుచుండును. కేంద్రప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. అనగా దినమునకు 460 మంది. వీరిలో మోటారుసైకిళ్ళవారును, పాదచారులును ఎక్కువ. కార్లు, టాక్సీలు, వ్యానులు మొదలగు వానియందు పోవువారు ఇంచుమించు ఎనిమిదవ వంతు. ఈ వంతునే తీసికొన్నను దినమునకు ఏబదిమందికి మించును. బాలేశ్వరమున జరిగినంతటి ప్రాణనష్టము కార్లలో ఐదాఱు దినముల కొకమాఱు నిశ్శబ్దముగ జరిగిపోవుచున్నదని దీని యర్థము. దీనికెదురుగ, 2019-20వ సంవత్సరమున రైలు ప్రమాదములందు ఒక్క ప్రయాణికుడును మరణింపలేదని రైల్వేశాఖ ప్రకటించినది.

ఇట్లేల? రైలునకు తన దారి తనది. ఎదురుగ ఎడ్లబండి రాదు. ప్రక్కనుండి లారీ రాదు. డ్రైవరునకు తోడు సహాయకుడుండును. సిగ్నలు చూపువారు, పట్టాలు పరీక్షించువారు, గేటు కాయువారు, స్టేషనుమాస్టరులు, వీరందఱును మనము నిద్రించుచుండగా మనకొఱకు మేలుకొనియుందురు. మనుష్యుడు పొరపడినను యంత్రము ఆపునట్లు "కవచ్" అను నేర్పాటు మన తెలుగుదేశపు రైలుదారులపైననే మొదట పరీక్షింపబడినది. 2022 మార్చి 4న వికారాబాదు ప్రాంతమున గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషనుల నడుమ రైల్వేమంత్రి స్వయముగ ఎక్కిన యింజను, ఎదుటనున్న యింజనుకు సుమారు 380 మీటర్ల దూరమున తనంతట తానే ఆగెను. ఈ కవచము ఇంకను దేశమందలి దారులన్నిటికిని చేరలేదు. బాలేశ్వరమున నది లేదు. దానిని త్వరగా అన్నిచోట్లకు చేర్చుడని యడుగు హక్కు మనకు కలదు.

రైలుక్షేమమునకు మఱొక యండ యున్నది. పెద్ద ప్రమాదము జరిగినపుడెల్ల రైల్వే సేఫ్టీ కమిషనరు విచారణ జరుపును. ఆ కార్యాలయము రైల్వేమంత్రి క్రింద గాక, విమానయానశాఖ క్రింద నుండుట విశేషము. 1956లో మహబూబునగరమువద్దను, తరువాత అరియలూరువద్దను ఘోరప్రమాదములు జరుగగా నాటి రైల్వేమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రిగారు బాధ్యత వహించి పదవిని విడిచిరి. రైలు ప్రమాదమునకు సమాధానము చెప్పువారొకరుందురు. రోడ్డున పోయిన ప్రాణమునకు సమాధానము చెప్పువారెవరు? కారు విషయమున సిగ్నలుమానును, గార్డును, కమిషనరును అన్నియు మన కుటుంబమే. మనము మేలుకొనకున్న మఱెవరును మేలుకొనరు.

ఒడియే రక్షణ కాదు

గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో 28 మీటర్లు పోవును. డ్రైవరు రెండు సెకనులు కునుకుపట్టినచో 56 మీటర్లు బండి కన్నులు లేకయే పోయినట్లు. 2022లో రోడ్డుపై మరణించినవారిలో పదింట ఏడుగురి మరణమునకు మితిమీఱిన వేగమే కారణమని ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి.

పసిబిడ్డను ఒడిలో నుంచుకొన్నచో క్షేమమని మన తల్లులందఱు నమ్ముదురు, మేమును నమ్మితిమి. అది నిజము కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు దేనినేని ఢీకొట్టుట, ఇంచుమించు మూడంతస్తుల మేడపై నుండి పడుటతో సమానము. అంత యెత్తునుండి పడుచు బిడ్డను చేతులతో పట్టి కాపాడగలనని యే తల్లియైన తలచునా? ఆ క్షణమున తల్లిచేతులు ప్రేమ లేక కాదు, బలము చాలక విడిపోవును. అంతేకాదు, బెల్టు లేని తల్లి శరీరమే ముందుకు పోయి బిడ్డను నలిపివేయును. కావున పసివారికి ప్రత్యేకపు సీటు వెనుక భాగమున బిగించి అందు కూర్చుండబెట్టవలెను. దాని వెల రెండు పట్టుచీరల వెలకంటె ఎక్కువ కాదు.

మూడుచోట్ల బిగించు సీటుబెల్టును 1959లో స్వీడనుదేశపు నిల్స్ బోలిన్ అను నింజనీరు రూపొందించెను. అన్ని కంపెనీలవారును వాడుకొనవచ్చునని ఆయన పనిచేసిన వోల్వో కంపెనీ దానిని లోకమునకు విడిచిపెట్టెను. ఇంతటి యుపకారము చేతిలోనుండగా 2022లో మన దేశమున బెల్టు ధరింపక 16,715 మంది మరణించిరి. వారిలో సగము, అనగా 8,331 మంది, డ్రైవరులు కారు, ప్రయాణికులు. ఆ యేడు సెప్టెంబరు 4న పారిశ్రామికుడు సైరస్ మిస్త్రీ కారు ప్రమాదమున మరణించినపుడు, ఆయన వెనుక సీటున బెల్టు లేక కూర్చుండెనని పోలీసులు తెలిపిరి. ఖరీదైన కారైనను బెల్టు లేనివానిని కాపాడలేదు. గర్భిణులును బెల్టు ధరింపవలెను. క్రింది పట్టీ పొట్టపై గాక పొట్టక్రింద తొడల మొదట నుండవలెను. పై పట్టీ ఱొమ్ముల నడుమగా పొట్ట ప్రక్కనుండి పోవలెను.

రైలున జాగ్రత్త యెక్కడ?

బండి లోపల కూర్చున్నవారికి రైలు క్షేమమే. అపాయమంతయు దాని యంచులందున్నది. జాతీయ నేరలెక్కల సంస్థ ప్రకటించిన ప్రకారము 2021లో రైళ్ళ సంబంధమున 16,431 మంది మరణించిరి. వారిలో మూడింట రెండు వంతులు బండినుండి పడినవారును, పట్టాలపై బండి తాకినవారును. కదలుచున్న బండి నెక్కుట, తలుపువద్ద నిలుచుండుట, వంతెన యెక్కుటకు బద్ధకించి పట్టాలు దాటుట, ఇవియే కారణములు. బండి పోయిన మఱొక బండి వచ్చును. చీరకుచ్చెళ్ళు కాళ్ళకు చుట్టుకొనగా, చేత సంచియు చంకన బిడ్డయుండగా, కదలుచున్న బండికై పఱుగిడకుడు.

ఒంటరిగ పోవు సోదరీమణులకు కొన్ని సంగతులు. స్త్రీల పెట్టెలో పురుషుడు ప్రవేశించుట నేరము. మగతోడు లేని స్త్రీని టిక్కెట్టు లేదను కారణమున రాత్రివేళ బండినుండి దింపివేయరాదని 1989 నాటి రైల్వే చట్టము చెప్పుచున్నది. పగటివేళనైనను ఆమె బయలుదేఱిన స్టేషనులోనో, జంక్షనులోనో, బండి చివఱి స్టేషనులోనో, జిల్లాకేంద్రమందలి స్టేషనులోనో దింపవలెను గాని దారిలోని చిన్న స్టేషనులో గాదు. ఏ కష్టము కలిగినను 139 అను నంబరునకు ఫోను చేయవచ్చును. జాతీయ రహదారిపై కారు చిక్కుపడినచో 1033, గాయపడినచో 108, ఎట్టి యాపదకైనను 112. ఈ నాలుగు నంబరులును పెట్టె మూతలోపల వ్రాసి యంటించుకొన్నచో ఆపత్సమయమున వెదుకుకొన నక్కఱలేదు.

ఏది యెప్పుడు?

మా యభిప్రాయమిది. దారి నాలుగు గంటలకు మించినను, రాత్రి ప్రయాణమైనను, పసిపిల్లలును గర్భిణులును ఉన్నను, టిక్కెట్టు దొరకు నవకాశమున్నంతవఱకు రైలే మేలు. పండుగ టిక్కెట్లు రెండు నెలల ముందుగనే అమ్మకమునకు వచ్చును. ఆ దినమును క్యాలెండరుపై పాలలెక్క ప్రక్కన వ్రాసికొనుట గృహిణికి కష్టము కాదు. దగ్గఱి దారికిని, రైలు లేని యూరికిని, మెట్లెక్కలేని పెద్దవారికిని, రోగులకును పగటివేళ కారు మేలు. స్టేషనువఱకు కారు, అటుపై రైలు, అక్కడినుండి మరల కారు అనునది అన్నిటికంటె చక్కని యుపాయము.

కారు తప్పనిసరియైనచో బయలుదేఱుటకు ముందే కొన్ని కట్టుబాట్లు చేసికొనవలెను. పగలంతయు పనిచేసినవాడు రాత్రి బండి తోలరాదు. రెండు గంటల కొకమాఱు పావుగంట ఆగవలెను. అప్పుడు నీరు త్రాగుటకు మనమును జంకనక్కఱలేదు. అందఱును బెల్టులు బిగించిన పిమ్మటనే బండి కదలవలెను. ఆవులింత కనబడినచో ఎవరైనను, చిన్నపిల్లవాడైనను, "ఆపు" మనవచ్చును. ఆ మాటకు తోలువాడు కోపింపరాదు. ఈ కడపటి కట్టుబాటును వంటింటిలో గాదు, అందఱు కూడిన చోట, పెద్దల యెదుట చేయింపుడు. ఒకమాఱు అంగీకరించిన తరువాత చెప్పుట సులభమగును.

బ్రతికియుండిన బలుసాకు తినవచ్చునని పెద్దల మాట. ఒక పూట ఆలస్యముగ చేరినను అమ్మ మన కొఱకు అరిసెలు దాచియే యుంచును. ఆ రాత్రి సూర్యాపేట దారిలో మా యొడిలో నిద్రించిన పాప ఇప్పుడు బడికి పోవుచున్నది. కారెక్కినంతనే తానే బెల్టు బిగించుకొని, "బాబాయ్, నీకు నిద్ర వస్తున్నదా?" యని మొగమాటము లేక యడుగుచున్నది. మేము ఆనాడు అడుగలేని మాట అది. మా మఱిది నవ్వి, "లేదమ్మా" యని చెప్పి బండి కదలించుచున్నాడు.